గొలుసులల్లే సూక్ష్మజీవులు.. విశాఖ విద్యార్థికి ఓ దారి

అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చి పాలిమర్లు తయారుచేసే ఎంజైమ్‌లు కొన్ని బ్యాక్టీరియాల్లో ఉన్నాయి. ఆహారం నుంచి నీటిశుద్ధి దాకా వీటితో పని పడుతోంది. బయోటెక్, మైక్రోబయాలజీ చదివేవాళ్లకు ఇందులో ఏముంది? ఏం నేర్చుకోవాలి? ఎక్కడ జాగ్రత్తపడాలి?

‘బయోటెక్ తీసుకుంటే ఉద్యోగం వస్తుందా?’

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే గాజువాక నుంచి మధురవాడ దాకా ఇంటింటా వినిపించే ప్రశ్న ఇది. పక్కింటబ్బాయి కంప్యూటర్ సైన్స్‌లో చేరతాడు. మేనత్త కొడుకు బ్యాంకు కోచింగ్‌కి వెళ్తాడు. మనమ్మాయికి మాత్రం మైక్రోస్కోప్ అంటే ఇష్టం. ఇంట్లోవాళ్లకేమో భయం. భయం అబద్ధమేమీ కాదు. ఎంఎస్సీ పూర్తిచేసి, ఒక్కసారి కూడా ఫెర్మెంటర్ ముట్టుకోకుండా బయటికొచ్చి, చివరికి ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు.

కాబట్టి ప్రశ్నను కొంచెం మార్చి అడుగుదాం. బయోటెక్‌లో పని అంటే అసలు ఏమిటి? దాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక్క అంశం తీసుకుని లోపలికి వెళ్లి చూడటమే మేలు. ఈ వారం అలాంటి అంశం: అమైనో ఆమ్లాలతో గొలుసులల్లే సూక్ష్మజీవుల ఎంజైమ్‌లు.

స్టీల్‌ప్లాంట్ బస్తాలో మొదటి పాఠం

ఉక్కునగరం పిల్లలకు కోక్ ఓవెన్ల గురించి చెప్పక్కర్లేదు. ఓడల్లో దిగిన కోకింగ్ బొగ్గును గాలి తగలకుండా కాలిస్తే కోక్ తయారవుతుంది. అప్పుడు వెలువడే గ్యాస్‌లో అమ్మోనియా ఉంటుంది. దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పట్టుకుంటే అమ్మోనియం సల్ఫేట్ వస్తుంది. విశాఖ ఉక్కు దాన్ని ‘పుష్కల’ పేరుతో ఎరువుగా అమ్ముతుంది. రైతుకు అది పొలంలో నత్రజని.

ఇప్పుడు ఓ మైక్రోబయాలజీ ల్యాబ్‌కి వెళ్దాం. స్ట్రెప్టోమైసిస్ ఆల్బ్యులస్ అనే బ్యాక్టీరియాను పెంచడానికి పరిశోధకులు ఎక్కువగా వాడే ద్రావణంలో లీటరుకు 50 గ్రాముల గ్లూకోజ్, 10 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్, 5 గ్రాముల ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఉంటాయి. ల్యాబ్‌లో వాడేది శుద్ధిచేసిన రకం, అంతే తేడా. ఆ ఉప్పులోని నత్రజనిని ఈ సూక్ష్మజీవి లైసిన్ అనే అమైనో ఆమ్లంగా మారుస్తుంది. తర్వాత పాతిక నుంచి 35 లైసిన్‌లను ఒకదానికొకటి కట్టి చిన్న గొలుసు చేసి బయటికి వదులుతుంది. ఆ గొలుసు పేరు ఎప్సిలాన్ పాలీలైసిన్. జపాన్‌లో దీన్ని అన్నం, ఇతర ఆహార పదార్థాలు పాడవకుండా దశాబ్దాలుగా వాడుతున్నారు.

ఈ గొలుసుల ప్రత్యేకత ఏమిటి?

ప్రొటీన్ కూడా అమైనో ఆమ్లాల గొలుసేగా అంటారా? అవును. అయితే దాన్ని కట్టేది రైబోసోమ్. జన్యువు నుంచి వచ్చిన చీటీ చదువుతూ, ఏ పూస తర్వాత ఏ పూసో చూసుకుని గుచ్చుతుంది. మనం చెప్పుకుంటున్న గొలుసులకు చీటీ లేదు, రైబోసోమ్ లేదు. ఒక ఎంజైమే మొత్తం పని చేస్తుంది. అందుకే గొలుసులన్నీ ఒకే పొడవు ఉండవు. కొన్ని పొట్టి, కొన్ని పొడుగు.

రెండో తేడా ఇంకా ముఖ్యం. గ్లుటామిక్ ఆమ్లానికి మూడు చేతులున్నాయనుకోండి. ఒకటి అమైనో చెయ్యి, రెండు కార్బాక్సిల్ చేతులు. ప్రొటీన్‌లో దగ్గరి కార్బాక్సిల్ చెయ్యి పక్కవాడిని పట్టుకుంటుంది. కొన్ని బాసిల్లస్ బ్యాక్టీరియాలు చేసే గొలుసులో దూరపు చెయ్యి, అంటే గామా చెయ్యి పట్టుకుంటుంది. అదే పాలీ గామా గ్లుటామిక్ ఆమ్లం. ఇకపై పీజీఏ అందాం. లైసిన్‌లో ఇందుకు ఎదురు కథ. దానికి రెండు అమైనో చేతులు. దూరంగా ఉండే ఎప్సిలాన్ చేత్తో గొలుసు కడుతుంది.

పట్టు మారితే గుణమూ మారుతుంది. ప్రొటీన్లను కోసే మామూలు ఎంజైమ్‌లు ఈ గొలుసులను తేలిగ్గా కోయలేవు. పీజీఏలో ఖాళీగా మిగిలిన కార్బాక్సిల్ గుంపులకు రుణావేశం ఉంటుంది. అందుకే అది నీటిని పట్టి ఉంచుతుంది, లోహ అయాన్లను అంటిపెట్టుకుంటుంది. పాలీలైసిన్‌లో మిగిలినవి అమైనో గుంపులు. వాటిది ధనావేశం. బ్యాక్టీరియా పైపొరకు ఉండేది రుణావేశం కాబట్టి వెళ్లి అతుక్కుని, ఆ పొరను చెదరగొడుతుంది. ఆహారాన్ని కాపాడే శక్తి అక్కడి నుంచే వచ్చింది.

మూడో గొలుసు సయనోఫైసిన్. నీలి ఆకుపచ్చ శైవలాలుగా మనం చదువుకున్న సయనోబ్యాక్టీరియాలో 1887లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త ఆంటోనినో బోర్జీ దీన్ని గుర్తించారు. ఆస్పార్టిక్ ఆమ్లం వెన్నెముక, దానికి పక్కన ఆర్జినిన్ కొమ్మలు. నత్రజని దొరికినప్పుడు దాచుకుని, కరువొచ్చినప్పుడు తీసి వాడుకునే గాదె ఇది. దీన్ని కట్టే ఎంజైమ్ ఆకృతి బయటపడింది మాత్రం 2021లోనే. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం బృందం ఆ పని చేసింది. కనిపెట్టిన పదార్థానికీ, దాన్ని చేసే యంత్రం బొమ్మకీ మధ్య 134 ఏళ్లు పట్టాయి. పరిశోధన చేయడానికి ఇక ఏమీ మిగల్లేదనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

అదే గొలుసు.. మందూ, మహమ్మారీ

పీజీఏను మొదట గుర్తించింది ఆంత్రాక్స్ బ్యాక్టీరియాలో. 1937లో ఇవానోవిక్స్, బ్రుక్నర్ అనే హంగరీ శాస్త్రవేత్తలు ఆ బ్యాక్టీరియా ఒంటి చుట్టూ ఉండే కవచం దీనితోనే తయారైందని చూపించారు. ఆ కవచం వల్లే మన రక్షణ కణాలు దాన్ని మింగలేకపోతాయి. విశాఖ మన్యంలో చనిపోయిన పశువుల మాంసం వల్ల ఆంత్రాక్స్ సోకిన ఘటనలు వార్తల్లో చదివే ఉంటారు. ఆ వార్త వెనక ఉన్న రసాయనం ఇదే.

అదే గొలుసు జపాన్‌వాళ్ల ఉదయపు భోజనంలోనూ ఉంది. సోయా గింజలను పులియబెట్టి చేసే నాటోను పుల్లతో పైకెత్తితే బెండకాయ జిగురులా తీగలు సాగుతుంది. ఆ తీగల్లో ఉండేది ముఖ్యంగా పీజీఏ. సిక్కింలో చేసే కినెమా కూడా ఇలాంటి బాసిల్లస్‌తో పులిసే సోయా వంటకమే. పదార్థాన్ని మంచిదనో చెడ్డదనో అనేసి ఊరుకోకుండా, ఏ జీవి ఎందుకోసం చేస్తోందని అడగడమే ఈ సబ్జెక్ట్ నేర్పే మొదటి అలవాటు.

భీమవరం నుంచి ఒక ముడి

ఈ కథలో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. ఈ ఎంజైమ్‌లు గొలుసు కట్టడానికి ఖర్చుపెట్టే ఇంధనం ఏటీపీ. కండరాల్లో ఏటీపీ ఉందని 1929లో ప్రకటించినవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషన్‌ను మూడో ప్రయత్నంలో గట్టెక్కిన కుర్రాడు ఆయనే. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన రూపొందించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా నేటికీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఉంది. ఎంజైమ్ ఏటీపీని ఖర్చుచేసినప్పుడు విడుదలయ్యే ఫాస్ఫేట్‌ను కొలిస్తే అది ఎంత వేగంగా పనిచేస్తోందో తెలుస్తుంది. పీజీఏ కట్టే ఎంజైమ్‌ను పరీక్షించాలన్నా ఆ సూత్రమే ఆధారం.

ఇంకో ముడి కూడా ఉంది. అమెరికాలోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో ఆయన నడిపించిన ఫోలిక్ ఆమ్లం పరిశోధనలో, ఒక బ్యాక్టీరియా కల్చర్ నుంచి వేరుచేసిన పదార్థంలో మూడు గ్లుటామిక్ ఆమ్లాలు గొలుసుగా ఉన్నట్టు తేలింది. అవి పట్టుకున్నది గామా చేత్తోనే! మన కణాలు కూడా ఫోలేట్ బయటికి జారిపోకుండా ఇలాంటి చిన్న గ్లుటామేట్ తోక కట్టి లోపల ఆపుకుంటాయి. కేన్సర్ మందు మెథోట్రెక్సేట్‌ను కణాలు లోపల నిలబెట్టుకునేదీ ఇలాగే. నాటో జిగురుకీ, కేన్సర్ వార్డులో ఇచ్చే మందుకీ మధ్య ఒకే రకం రసాయన బంధం ఉందన్నమాట. పుస్తకంలో వేర్వేరు చాప్టర్లలో చదివిన విషయాలు ఇలా కలిసిన రోజున సబ్జెక్ట్ మీద ప్రేమ పుడుతుంది.

ఎక్కడ వాడతారు?

* ఆహారం: పాలీలైసిన్‌ను అన్నంలో వాడటానికి 2004లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అభ్యంతరం చెప్పలేదు. విశాఖ రేవు నుంచి రొయ్యలు ఎగుమతి చేసే మనకు నిల్వ సమస్య ఎంత ఖరీదైనదో తెలుసు. ఏ పదార్థం ఏ ఆహారంలో ఎంత వాడొచ్చన్నది మాత్రం ఆయా దేశాల చట్టమే తేలుస్తుంది.
* నీటిశుద్ధి: మురికినీటిలో తేలాడే సన్నటి రేణువులను గుంపుకట్టించి అడుక్కి దింపడానికి పీజీఏ ఉపయోగపడుతుంది. లోహ అయాన్లను పట్టే గుణం మీదా ప్రయోగాలు జరిగాయి. వాడాక నేలలో కుళ్లిపోవడం దీని అదనపు లాభం.
* పరిశ్రమ: కూలింగ్ నీళ్లు తిరిగే పైపుల్లో పొలుసు కట్టకుండా పాలీఆస్పార్టేట్ వాడతారు. ఇప్పుడు దాన్ని రసాయనికంగా తయారుచేస్తున్నారు. సయనోఫైసిన్ నుంచి ఆర్జినిన్ కొమ్మలు తీసేస్తే మిగిలేది ఇలాంటి వెన్నెముకే. అందుకే ఆ ఎంజైమ్ మీద అంత ఆసక్తి.
* సౌందర్య సాధనాలు: తేమ నిలిపే గుణం వల్ల పీజీఏ క్రీముల్లోకి, సీరమ్‌ల్లోకి వచ్చేసింది.

మరి ప్లాస్టిక్ స్థానంలో ఇవే ఎందుకు రాలేదు? ఖర్చు. ఫెర్మెంటేషన్‌తో చేసిన కిలో గొలుసు, పెట్రోలియం నుంచి చేసిన కిలో ప్లాస్టిక్‌తో ధరలో పోటీపడలేదు. ఆ అంతరాన్ని తగ్గించడమే నేటి పరిశోధకుడి పని. ఒక ఉదాహరణ చూడండి. పాలీలైసిన్ ఫెర్మెంటేషన్‌లో బ్యాక్టీరియా పెరిగాక పీహెచ్‌ను 4 దగ్గర నిలబెడితే దిగుబడి లీటరుకు సుమారు 48 గ్రాములకు చేరిందని 2001లో జపాన్ పరిశోధకులు చూపించారు. పీహెచ్ కాస్త పైకి పోతే, గొలుసును కోసే ఎంజైమ్ మొదలుపెట్టి కట్టినదాన్నంతా తినేస్తుంది. ఒక్క మీటరును సరిగ్గా పట్టుకోవడంలో అంత ఉంది.

బీచ్ మట్టితో ప్రాజెక్ట్.. ఒక హెచ్చరిక

ఎంఎస్సీ ప్రాజెక్ట్‌కి ఇది మంచి అంశం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బంగాళాఖాతం అడుగు మట్టి నుంచి యాక్టినోమైసిట్స్‌ను వేరుచేసి పనిచేసిన చరిత్ర ఉంది. మీరూ తీరం మట్టితో మొదలుపెట్టొచ్చు. వరస ఇదీ:

1. మట్టి కలిపిన నీటిని 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు వేడిచేయాలి. స్పోర్లు కట్టే బాసిల్లస్ లాంటివి మిగులుతాయి.
2. ప్లేట్లపై పెంచి, జిగటగా మెరిసే కాలనీలను ఎంచుకోవాలి.
3. గ్లుటామిక్ ఆమ్లం, సిట్రిక్ ఆమ్లం, గ్లిసరాల్ ఉన్న ద్రావణంలో మూడు నాలుగు రోజులు షేకర్‌పై పెంచాలి.
4. కణాలను సెంట్రిఫ్యూజ్‌తో తీసేసి, పైద్రావణానికి మూడు నాలుగు రెట్లు చల్లటి ఇథనాల్ కలిపితే పాలిమర్ తెల్లటి పోగులా విడిపోతుంది.
5. దాన్ని డయాలసిస్ చేసి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో విడగొట్టి, టీఎల్‌సీ ప్లేటుపై నిన్‌హైడ్రిన్ చల్లాలి. గ్లుటామిక్ ఆమ్లం దగ్గర ఒకే ఒక్క ఊదారంగు మచ్చ వస్తే పీజీఏ అన్నమాటకు బలం ఉంది.

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. జిగురు కనిపించగానే పీజీఏ దొరికిందని రాసేస్తారు. బాసిల్లస్ చక్కెరలతో చేసే లెవాన్ కూడా జిగురే. పైగా ద్రావణంలో మీరే గ్లుటామిక్ ఆమ్లం పోశారు. డయాలసిస్ సరిగ్గా చేయకపోతే ఆ మచ్చ మీరు పోసినదే కావచ్చు! అందుకే ఆమ్లంతో విడగొట్టని నమూనాను పక్కన పెట్టి చూడాలి. అందులో మచ్చ రాకూడదు. వైవాలో ‘కంట్రోల్ ఏది?’ అని అడిగితే తడబడకుండా చెప్పగలిగినవాడే ఉద్యోగానికీ పనికొస్తాడు.

ఇంకోమాట. ఆంత్రాక్స్ కూడా బాసిల్లస్ కుటుంబమే. మట్టిలోంచి తీసిన తెలియని బ్యాక్టీరియాను గైడ్ పర్యవేక్షణలో, తగిన సేఫ్టీ క్యాబినెట్‌లోనే పెంచాలి. హాస్టల్ గదిలో, ఇంట్లో అసలే వద్దు. మట్టితో పనిలేకుండా మొదలుపెట్టాలనుకుంటే చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణెలోని ఎన్‌సీఐఎం కల్చర్ బ్యాంకుల నుంచి కాలేజీ ద్వారా గుర్తింపు ఉన్న స్ట్రెయిన్లు తెప్పించుకోవచ్చు.

ఉద్యోగాలెక్కడ?

నిజం చెప్పుకుందాం. ‘పాలీ అమైనో ఆమ్లాల నిపుణులు కావలెను’ అని రేపు పేపర్లో ప్రకటన రాదు. మన దేశంలో ఈ గొలుసుల మీదే నడిచే కంపెనీలు తక్కువ. పరవాడ ఫార్మాసిటీలోనూ ఎక్కువ యూనిట్లు రసాయన సంశ్లేషణవే. అయితే ఈ పనిలో నేర్చుకున్న చేతివాటం ఫెర్మెంటేషన్ ఉన్న ప్రతిచోటా పనికొస్తుంది.

దగ్గరి ఉదాహరణ కాకినాడ జిల్లాలో ఉంది. అరబిందో గ్రూపునకు చెందిన లైఫియస్ ఫార్మా అక్కడ ఏటా 15,000 టన్నుల సామర్థ్యంతో పెన్సిలిన్-జి ప్లాంటు పెట్టింది. దిగుమతుల మీద ఆధారపడటం తగ్గించేందుకు కేంద్రం తెచ్చిన ప్రోత్సాహక పథకం కింద వచ్చిందిది. పెన్సిలిన్ ఎలా మొదలవుతుందో తెలుసా? శిలీంధ్రంలోని ఒక ఎంజైమ్ రైబోసోమ్ సాయం లేకుండా మూడు అమైనో ఆమ్లాలను కడుతుంది. పాలీలైసిన్ కట్టే ఎంజైమ్‌కి అది దాయాదే. వ్యాక్సిన్లు, ఇన్సులిన్, ఎంజైమ్‌లు, ప్రోబయోటిక్స్.. అన్నిచోట్లా ఫెర్మెంటర్ ఒకటే, నియమాలూ దాదాపు అవే.

ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో కూడా తెలియాలి. బ్యాక్టీరియాకు ఆదివారం లేదు. నాన్నగారి స్టీల్‌ప్లాంట్ డ్యూటీలా ఏ, బీ, సీ షిఫ్టులుంటాయి. ట్యాంకును 121 డిగ్రీల ఆవిరితో శుద్ధి చేయాలి. అర్ధరాత్రి నురగ పొంగితే చూసుకోవాలి. పీజీఏ లాంటి జిగట ద్రావణంలో ఆక్సిజన్ అందక కణాలు ఉక్కిరిబిక్కిరవుతాయి కాబట్టి కలిపే వేగం, గాలి సర్దాలి. ఒక్క కంటామినేషన్‌తో వారం శ్రమ డ్రైనేజీ పాలవుతుంది. ఇదంతా చదివాక కూడా ఇష్టంగానే ఉందంటే మీరు ఈ దారిలో నడవొచ్చు.

దారి ఎలా?

* పీజీకి: ఆంధ్ర విశ్వవిద్యాలయంతో పాటు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్సీకి ఏపీ పీజీసెట్. ఐఐటీలకు జామ్. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం తోడ్పాటుతో నడిచే పీజీ కోర్సులకు గ్యాట్-బి. ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్లకు గేట్ బయోటెక్నాలజీ పేపర్.
* పరిశోధనకు: సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్, బయోటెక్నాలజీ విభాగం నిర్వహింపజేసే బెట్. ర్యాంకుతో ఫెలోషిప్ వస్తుంది. ఇంట్లో డబ్బు అడగాల్సిన పని ఉండదు.
* స్టార్టప్‌కి: 2012లో ఏర్పడిన బైరాక్, బిగ్ పథకం కింద ఆలోచన దశలోనే 50 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇస్తుంది. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదించిన బయోఈ3 విధానంలో బయోపాలిమర్లు, ఎంజైమ్‌లు ప్రాధాన్య అంశాల్లో ఉన్నాయి.
* ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా: యూనిప్రాట్‌లో ఎంజైమ్ వరుస వెతకడం, బ్లాస్ట్‌తో పోల్చడం, ప్రొటీన్ డేటా బ్యాంకులో ఆకృతి తిప్పి చూడటం నేర్చుకోండి. పీజీఏ కట్టే జన్యువులను బాసిల్లస్ సబ్టిలిస్‌లో పీజీఎస్-బి, సి, ఏ అంటారు. ఆంత్రాక్స్‌లో వాటి జోడీలు క్యాప్-బి, సి, ఏ. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి. ఒక ఆదివారం చాలు.

చేరేముందు అడగండి

కాలేజీ బ్రోషర్‌లో ఫెర్మెంటర్ ఫొటో ఉంటుంది. సీటు తీసుకునేముందు ల్యాబ్‌కి వెళ్లి చూడండి. అది నడుస్తోందా, ప్లాస్టిక్ కవర్ కప్పుకుని కూర్చుందా? పోయినేడాది విద్యార్థులు ఏ ప్రాజెక్టులు చేశారు? తామే చేశారా, ఎక్కడో డబ్బు కట్టి రాయించుకున్నారా? సీనియర్లు పిల్లిమొగ్గలు వేయకుండా చెప్పేస్తారు. ఫీజు ఎంతో అడగడానికి మొహమాటపడం కదా, ఇదీ అంతే.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. బయోటెక్ తీసుకుంటే ఉద్యోగం వస్తుందా? పట్టాకి రాదు. పీహెచ్ ఎందుకు 4 దగ్గర ఆపాలో తెలిసినవాడికి, మచ్చ కనిపిస్తే ‘కంట్రోల్ ఏదీ?’ అని తనను తానే అడుక్కునేవాడికి వస్తుంది. మూడోసారికి మెట్రిక్ గట్టెక్కిన భీమవరం కుర్రాడు కొలిచి చూపించాకే ప్రపంచం నమ్మింది. మీరూ కొలవడం నుంచే మొదలుపెట్టండి.